అంతర్యుద్ధంలోకి బయటి సైన్యం వచ్చేది గనుల కోసమేనా? రిటర్న్ లోడు లెక్క

కావలిలో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "ఏ దేశంలో అంతర్యుద్ధం జరిగినా బయటి దేశాలు సైన్యాన్ని దింపేది అక్కడి చమురు, ఖనిజాల కోసమేనా? మిగతా కారణాలన్నీ సాకులేనా? కాంగో, లిబియా, సిరియా తీసుకుని చెప్పగలరా?"

ముందు జవాబు చెప్పేస్తాను, కథలు తర్వాత. సైన్యం గడప దాటేది చాలాసార్లు భయంతోనో, పాత పగతోనో, మనవాడి కుర్చీ కాపాడాలనో. దాటాక తిరిగి రాకపోవడానికి మాత్రం ఎక్కువగా డబ్బే కారణం. క్యాంపు ఎక్కడ వేశారు, ఏ రోడ్డు పట్టుకున్నారు, ఎన్నేళ్లు కూర్చున్నారు, ఈ మూడూ చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఇంకో మాట. ఆ డబ్బు దేశం మొత్తానికి రావడం చాలా అరుదు. ఖర్చు ఖజానాది, రాబడి నలుగురిది. ఇది పట్టుకోకపోతే "అంత ఖర్చు పెట్టాక వాళ్లకు మిగిలిందేముంది, డబ్బు కోసం కాదు" అని ఒకరూ, "గనులున్నాయిగా, గనుల కోసమే" అని ఇంకొకరూ తెల్లవార్లూ వాదించుకోవచ్చు.

నేను ప్రొఫెసర్ని కాను. మాది చీమకుర్తి దగ్గర పల్లె. 24 ఏళ్లు ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే సప్లైలో చేశాను. తుపాకీ కంటే స్టాకు రిజిస్టరే ఎక్కువ పట్టుకున్నాను. ఎన్ని డ్రమ్ముల డీజిల్ వచ్చింది, ఎన్ని బస్తాల బియ్యం పోయింది, ఏ బండి ఎన్ని ట్రిప్పులు వేసింది, ఇదీ నా ఉద్యోగం. 1988-89లో శ్రీలంకలో ఉన్నాను. 2006-07లో ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో కాంగోలోని గోమాకు వెళ్లాను. రిటైరయ్యాక చీమకుర్తిలో ఒక క్వారీ స్టాకు యార్డు చూసుకుంటున్నాను. యుద్ధాన్ని రిజిస్టరు వైపు నుంచి చూసే అలవాటు నాది. వ్యూహాలు తెలిసినవాళ్లు ఇంకోలా చెబుతారేమో.

గోమాతో మొదలుపెడతాను. ఊరంతా నల్లరాయి. 2002 జనవరిలో న్యీరగోంగో అగ్నిపర్వతం పొంగి లావా ఊరి మధ్యలోంచి కివూ సరస్సు దాకా పారింది. ఆ గడ్డకట్టిన రాతి మీదే మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. చీమకుర్తి వాడిని కదా, దిగిన రోజే వంగి రాయిని గోకి చూశాను. అంతా బుడగలు, పాలిష్‌కు పనికిరాదు. మావాళ్లు నవ్వారు.

విమానాశ్రయంలో మా సరుకు దించుకుంటుంటే రోజూ చిన్న చిన్న పాత విమానాలు వచ్చి వాలేవి. వాటిలోంచి బస్తాలు దిగేవి. చూడ్డానికి చిన్న బస్తాలే, ఎత్తబోతే నడుం పట్టేసేంత బరువు. తగరం ముడిరాయి అది. వాలికాలే వైపు బిసియే అనే గని ఉంది. అక్కడ రన్‌వే లేదు, తారురోడ్డు మీదే విమానం దింపేవాళ్లు. గని నుంచి ఆ రోడ్డు దాకా అడవిలో బస్తా నెత్తిన పెట్టుకుని నడవాలి. దారిలో తుపాకీ ఉన్న ప్రతివాడూ తన వాటా తీసుకునేవాడు. ఈ విమానాలు వెళ్లేటప్పుడు బీరు, సబ్బులు, బట్టలు తీసుకెళ్లేవి. వచ్చేటప్పుడు రాయి.

లారీ ఫీల్డులో ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రిటర్న్ లోడు, అంటే తిరుగు ప్రయాణంలో దొరికే సరుకు, లేకపోతే కిరాయి గిట్టదు. రిటర్న్ లోడు బాగా దొరికే ఊరికి ఓనరు బండిని పదే పదే పంపుతాడు. మొదటిసారి ఎందుకు పంపాడో తర్వాత ఆయనకే గుర్తుండదు.

నేను వెళ్లేనాటికి రువాండా సైన్యం అధికారికంగా కాంగో వదిలి నాలుగేళ్లయింది. కానీ వ్యాపారపు దారులు అప్పుడు పడ్డవే. వాళ్లు మొదట ఎందుకొచ్చారో చూద్దాం. 1994లో రువాండాలో సుమారు 8 లక్షల మందిని, ముఖ్యంగా టుట్సీ తెగవాళ్లను, ఊచకోత కోశారు. ఆ పని చేసిన ముఠాలు ఓడిపోయి, లక్షల శరణార్థుల మధ్య కలిసిపోయి సరిహద్దు దాటి ఈ గోమా చుట్టుపక్కలే గుడారాలు వేశాయి. అక్కడినుంచి మళ్లీ దాడులు చేశాయి. 1996లో రువాండా సైన్యం సరిహద్దు దాటడానికి ఆ భయం ఒక్కటి చాలు. దీన్ని సాకు అనడం నాకు ఇష్టం ఉండదు. ఆ పరిస్థితిలో ఏ ప్రభుత్వమైనా ఊరుకోదు.

1998లో రెండో యుద్ధం మొదలైంది. ఒకవైపు రువాండా, ఉగాండా. రెండోవైపు కాంగో అధ్యక్షుడు కబిలా ప్రభుత్వానికి మద్దతుగా జింబాబ్వే, అంగోలా, నమీబియా. ఇక్కడే కథ మారింది. సెల్‌ఫోన్లు, వీడియో గేముల్లో వాడే చిన్న కెపాసిటర్లకు టాంటలం కావాలి, అది కోల్టాన్ అనే ముడిరాయి నుంచి వస్తుంది. 2000లో దాని ధర ఒక్కసారిగా ఎగిసి పౌను 200 డాలర్లు దాటింది. అంతకుముందు 40 డాలర్లు పలికితే గొప్ప. ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుల బృందం 2001 నివేదికలో, రువాండా సైన్యం 18 నెలల్లో కోల్టాన్ మీద కనీసం 25 కోట్ల డాలర్లు సంపాదించి ఉంటుందని లెక్కగట్టింది. సైనికులను, మందుగుండును దించిన విమానాలే ముడిరాయి ఎక్కించుకుని వెళ్లేవి. మా సప్లై భాషలో దీనికి వేరే పేరు లేదు, రిటర్న్ లోడే.

ఉగాండా చెప్పింది కూడా సరిహద్దు భద్రతే. కొండల్లో దాక్కున్న తిరుగుబాటుదారులను తరమడానికి అన్నారు. అయితే మ్యాపు తీసి చూడు తమ్ముడూ. వాళ్ల సైన్యం వందల కిలోమీటర్లు లోపలికి, కిసంగాని దాకా వెళ్లింది. కిసంగాని వజ్రాల వ్యాపారం నడిచే ఊరు. అక్కడ 1999లోనూ, మళ్లీ 2000లోనూ ఉగాండా, రువాండా సైన్యాలు ఒకదాన్నొకటి కాల్చుకున్నాయి. ఇద్దరూ ఒకే పక్షం! 2000 జూన్‌లో ఆరు రోజులు ఊరి మధ్యలో ఫిరంగులు పేల్చుకున్నారు. చచ్చింది కాంగో జనం. ఎవరి మనిషి తిరుగుబాటు నాయకుడిగా ఉండాలన్న గొడవ కూడా అందులో ఉంది, ఒప్పుకుంటాను. కానీ భయం ఒక్కటే కారణమైతే, రెండు స్నేహితుల సైన్యాలు తమ సరిహద్దులకు అంత దూరంలో, వజ్రాలు కొనే ఊళ్లో కొట్టుకోవు. ఆ రోజుల్లో తన దేశంలో తవ్వేదానికంటే ఎక్కువ బంగారాన్ని ఉగాండా ఎగుమతి చేసిందని కూడా ఆ నివేదికల్లోనే ఉంది.

2005లో అంతర్జాతీయ న్యాయస్థానం ఉగాండాది తప్పని తేల్చింది. పరిహారం ఎంతో తేల్చడానికి 2022 దాకా పట్టింది: 32.5 కోట్ల డాలర్లు. అందులో సహజ వనరులు దోచినందుకు 6 కోట్లు. పోయిన ప్రాణాలు, ఇతర హానికి కట్టిన భాగం దీనికంటే చాలా ఎక్కువ. పరీక్షకు పనికొస్తుంది, రాసుకో.

జింబాబ్వేకి అసలు కాంగోతో సరిహద్దే లేదు, మధ్యలో జాంబియా ఉంది. అయినా పదివేలకు పైగా సైనికులను పంపింది. కబిలాకు అంతకుముందు అప్పు మీద అమ్మిన ఆయుధాల బాకీ ఉంది. ఆ మనిషి పోతే బాకీ పోతుంది. తర్వాత కంపెనీలు పెట్టి వజ్రాల గనుల్లో, అడవుల్లో వాటాలు తీసుకున్నారు. ఆ కంపెనీల్లో జనరళ్లూ, పాలకపక్షం మనుషులూ ఉన్నారు. దేశానికి ఒరిగిందేమిటి? ఖజానా ఖాళీ అయింది, తర్వాత కొన్నేళ్లలో వాళ్ల కరెన్సీ ఏమైందో అందరికీ తెలుసు. దానికి ఈ యుద్ధం ఒక్కటే కారణం కాదు, కానీ తన వంతు అది చేసింది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారే, ఇక్కడ పుండు కాంగోది మాత్రమే కాదు, జింబాబ్వేది కూడా.

సరుకు ఏ రకమన్నది చూడాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. మా క్వారీలో బ్లాక్ గెలాక్సీ గ్రానైటు బ్లాకులు ఇరవై టన్నులు దాటేవి ఉంటాయి. కోయడానికి వైర్‌సా కావాలి, లేపడానికి క్రేను, మోయడానికి ట్రైలరు. వేబ్రిడ్జి చీటీ, రాయల్టీ పర్మిట్టు, చివర కృష్ణపట్నమో చెన్నయో ఓడరేవు. రేపు ఇక్కడ యుద్ధం వచ్చినా ఏ సైన్యమూ ఒక్క బ్లాకు ఎత్తుకుపోలేదు. కోల్టాన్‌కు పార, జల్లెడ, బస్తా, మనిషి నెత్తి చాలు. ఏటి ఇసుకలో దొరికే వజ్రాలూ బంగారమూ అంతే. ఇలాంటి బస్తా సరుకు ఉన్నచోట యుద్ధం నడుస్తుండగానే డబ్బు చేసుకోవచ్చు, శాంతి వస్తే నష్టం కూడా.

చమురు మా గ్రానైటు లాంటిది. బావి, పైపు, ట్యాంకు, ఓడ, ఇన్సూరెన్సు అన్నీ ఉండాలి. యుద్ధం జరుగుతుంటే ఉత్పత్తి పడిపోతుంది. అందుకే చమురు దేశంలోకి వచ్చేవాడు ఎక్కువగా రేపటి కాంట్రాక్టు కోసం చూస్తాడు.

ఈ విషయంలో నాకు నచ్చే ఉదాహరణ అంగోలా. 1975లో అక్కడ అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఒక పక్షానికి క్యూబా సైన్యం, సోవియట్ ఆయుధాలు. రెండో పక్షానికి దక్షిణాఫ్రికా, అమెరికా. కబిందాలో చమురు తీస్తున్నది మాత్రం అమెరికా కంపెనీ, గల్ఫ్ ఆయిల్. అది కమ్యూనిస్టు ప్రభుత్వానికి రాయల్టీ కట్టింది, ఆ డబ్బుతో ప్రభుత్వం అమెరికా మద్దతున్న తిరుగుబాటుదారులతో యుద్ధం చేసింది, ఆ అమెరికా కంపెనీ బావులకు కాపలా కాసింది క్యూబా సైనికులు. "అమెరికా చమురు కోసం వెళ్లింది" అని ఒక్క వాక్యంలో రాసేవాళ్లకు ఇది ఎక్కడ పెట్టాలో తెలియదు.

లిబియా సంగతి కూడా కొంత అలాంటిదే. 2011లో నాటో బాంబులు వేసింది చమురు కోసమే అని మన టీకొట్ల దగ్గర ఖాయంగా చెబుతారు. కానీ గడాఫీ ఉన్నప్పుడే ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ కంపెనీలు అక్కడ చమురు తీస్తున్నాయి. యుద్ధానికి ముందు రోజుకు సుమారు 16 లక్షల బ్యారెళ్లు వచ్చేది, యుద్ధంతో అది కుప్పకూలింది. ఉన్న బావి పూడ్చుకుని కొత్తది తవ్వుకునేవాడు ఉండడు కదా. అయితే తర్వాత మళ్లీ రాజుకున్న అంతర్యుద్ధంలోకి టర్కీ ఎలా వచ్చిందో చూస్తే డబ్బు బాగానే కనిపిస్తుంది. 2019 నవంబరులో ట్రిపోలీ ప్రభుత్వంతో సముద్ర సరిహద్దుల ఒప్పందం చేసుకుంది. మధ్యధరా గ్యాసు మీద తన హక్కు చెప్పుకోడానికి ఆ సంతకం కావాలి. రెండు నెలలు తిరక్కుండానే సైన్యాన్ని పంపడానికి టర్కీ పార్లమెంటు ఒప్పుకుంది. సంతకం చేసిన ప్రభుత్వం కూలితే కాగితం చిత్తు అవుతుంది. పైగా టర్కీ నిర్మాణ కంపెనీల కాంట్రాక్టులు లిబియాలో మధ్యలో ఆగిపోయి ఉన్నాయి. మళ్లీ బాకీ సంగతే.

సిరియాకు రష్యా 2015 సెప్టెంబరులో దిగింది. సిరియా చమురు ఎంత? 2011కి ముందు రోజుకు 4 లక్షల బ్యారెళ్ల లోపు. రష్యాకు అదొక లెక్క కాదు. టార్టూస్ నౌకా స్థావరం, మిత్రుడు అసద్ కుర్చీ, నేనూ పెద్దవాడినే అని చూపించుకోవడం, ఇవే పెద్ద కారణాలు. కానీ కింద చూడు. రష్యాకు చెందిన వాగ్నర్ కిరాయి సైన్యంతో సంబంధం ఉన్న కంపెనీ, విడిపించిన చమురు, గ్యాసు క్షేత్రాల ఉత్పత్తిలో పావు వాటాకు ఒప్పందం చేసుకున్నట్టు బయటపడింది. 2018 ఫిబ్రవరిలో దెయిర్ ఎజ్జోర్ దగ్గర, అమెరికా సైనికులున్న చోటి మీదకు ఈ కిరాయి మనుషులు వెళ్లి దెబ్బతిన్నారు, అదీ ఒక గ్యాసు ప్లాంటు దగ్గరే. దేశం వెళ్లిన కారణం ఒకటి, దాని వెనకాల వెళ్లినవాడి కారణం ఇంకొకటి. ఇక గ్యాస్ పైప్‌లైన్ కోసమే సిరియా యుద్ధం జరిగిందనే మెసేజీలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. కాగితం మీద కూడా సరిగా లేని పైపు కోసం అన్ని దేశాలు కొట్టుకున్నాయంటే నేను నమ్మను.

ఇప్పుడు మన జిల్లాకు వస్తాను. పరదేశాల సంగతి ఎందుకు, ఇదే నాటకం మన గడ్డ మీద ఆడారు. 1749లో ఆంబూరు దగ్గర యుద్ధంలో ఆర్కాటు నవాబు (కర్ణాటక నవాబు అన్నా ఈయనే) అన్వరుద్దీన్ చనిపోయాడు. కుర్చీ కోసం చందాసాహెబు ఒకవైపు, అన్వరుద్దీన్ కొడుకు మహమ్మదలీ ఒకవైపు. మొదటివాడి వెనుక ఫ్రెంచివాళ్లు, రెండోవాడి వెనుక ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ. నెల్లూరు అప్పుడు మహమ్మదలీ సోదరుడు నజీబుల్లా చేతిలో ఉంది. ఆయన ఎదురు తిరిగితే 1757లో కర్నల్ ఫోర్డ్ అనే అధికారి ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో నెల్లూరు కోట మీదకు వచ్చి, పట్టుకోలేక వెనక్కి వెళ్లాడు. ఇది కాస్త గర్వంగా చెప్పుకోవచ్చు. ఉత్తరాన, గుండ్లకమ్మ అవతల కథ ఇంకా సూటిగా ఉంది. హైదరాబాదులో కుర్చీ గొడవలో సలాబత్ జంగుకు ఫ్రెంచి సేనాని బుస్సీ సాయపడ్డాడు. ఆ సైన్యం జీతాల కింద 1753లో ఉత్తర సర్కారుల రాబడి రాయించుకున్నాడు.

మహమ్మదలీ గెలిచాడు. గెలిచాక బిల్లు వచ్చింది. నిన్ను నవాబును చేసిన సైన్యం ఖర్చు నువ్వే కట్టాలి అన్నారు. ఆయన దగ్గర లేదు. మద్రాసులోని కంపెనీ ఉద్యోగులే సొంతంగా పెద్ద వడ్డీకి అప్పిచ్చారు, జిల్లాల శిస్తు తాకట్టు పెట్టుకున్నారు. కంపెనీ ఖాతా అప్పుల్లో, కంపెనీ గుమాస్తాల ఇళ్లు ఇంగ్లండులో బంగళాలు! 1785లో ఎడ్మండ్ బర్క్ ఈ అప్పుల మీదే బ్రిటిష్ పార్లమెంటులో నిప్పులు కురిపించాడు. వడ్డీలు కడుతూ కడుతూ 1801కి నెల్లూరుతో సహా కర్ణాటక నవాబు రాజ్యమంతా కంపెనీ చేతికి పోయింది. ఖర్చు ఎవరిది, రాబడి ఎవరిది అని నేను పైన అన్నది ఇదే. జింబాబ్వే జనరళ్లకు మద్రాసు గుమాస్తాలు రెండొందల ఏళ్ల ముందే దారి వేశారు.

డబ్బు లేని జోక్యాలు ఉండవా? ఉంటాయి. నేను చేసిన వాటిలోనే ఒకటి ఉంది. శ్రీలంకలో మన సైన్యం 1987 నుంచి 1990 దాకా ఉంది. దాదాపు 1,200 మంది చనిపోయారు. ట్రింకోమలీలో నేనున్న రోజుల్లో అడవిలో పెద్ద పెద్ద చమురు ట్యాంకులు కనిపించేవి, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిషువాళ్ల కట్టడాలు, 99 ఉండేవి. తీగలు అల్లుకుపోయి ఉండేవి. 1987 భారత్-శ్రీలంక ఒప్పందంతో పాటు రాసుకున్న ఉత్తరాల్లో ఈ ట్యాంకులను రెండు దేశాలూ కలిసి బాగుచేయాలని ఉంది. "చూశారా, వీటి కోసమే" అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ అందులో 61 ట్యాంకుల మీద ఉమ్మడి కంపెనీ ఒప్పందం కుదిరింది ఎప్పుడో తెలుసా? 2022 జనవరిలో. అంత ఆలస్యంగా వచ్చే రిటర్న్ లోడు కోసం ఎవడూ బండి కట్టడు. అక్కడ మన భయం వేరు: శ్రీలంక తమిళుల విషయంలో తమిళనాడులో వేడి, ట్రింకోమలీ రేవులో వేరే దేశం నౌకలు దిగుతాయేమోనన్న టెన్షన్. ఆ ఉత్తరాల్లో అది కూడా రాసే ఉంది. రిటర్న్ లోడు లేదు కాబట్టే రెండున్నరేళ్లలో సర్దుకుని వచ్చేశాం అని నా అనుకోలు. వాళ్ల కొత్త అధ్యక్షుడు వెళ్లమన్నాడన్నది పెద్ద కారణమే. కానీ వెళ్లమన్నా వెళ్లని సైన్యాలను కాంగోలో చూశాం కదా.

నువ్వు ఏ యుద్ధం చదివినా ముందు మ్యాపు పరుచుకో. చెప్పిన భయం ఎక్కడుంది, క్యాంపు ఎక్కడుంది, రెండింటి మధ్య దూరం ఎంత అని చూడు. తర్వాత పక్క దేశం ఎగుమతుల పట్టిక చూడు, తన నేలలో లేనిది అమ్ముతోందా అని. సూడాన్‌లో 2023 ఏప్రిల్ నుంచి జరుగుతున్న యుద్ధానికి కూడా ఇదే పని చెయ్యి. బంగారం ఎవరి చేతిలో ఉంది, ఏ ఊరి మార్కెట్టుకు పోతోంది అని వెతికితే దుబాయ్ పేరు ఎదురవుతుంది. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశం ఒక పక్షానికి ఆయుధాలు ఇస్తోందన్న ఆరోపణ ఉంది, ఆ ప్రభుత్వం మాత్రం తాము ఎవరికీ ఇవ్వడం లేదంటుంది.

గోమాను 2025 జనవరిలో ఎం23 అనే కాంగో తిరుగుబాటు దళం మళ్లీ పట్టుకుంది. అంతకు ముందు ఏడాదే రుబాయా కోల్టాన్ గనులు వాళ్ల చేతికి వచ్చాయి. అక్కడి రాయి మీద పన్నులతోనే నెలకు కనీసం 8 లక్షల డాలర్లు వస్తున్నాయని ఐక్యరాజ్యసమితి నిపుణులు లెక్కవేశారు. వాళ్ల వెనుక రువాండా సైనికులు వేలల్లో ఉన్నారని కూడా అదే బృందం రాసింది. రువాండా కాదంటుంది. టీవీలో విమానాశ్రయం చూపిస్తుంటే మా గోదాము కనిపిస్తుందేమోనని వెతికాను. కనబడలేదు.

ఆఖరుగా, నువ్వు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు: మరి కాంగోలో మీరు? మేమూ బయటి సైన్యమే. సైనికులను పంపిన దేశానికి ఐక్యరాజ్యసమితి ఒక్కో మనిషికి నెలకు ఇంత అని ఇస్తుంది, ఆ రోజుల్లో 1,028 డాలర్లు. మాకు విడిగా అలవెన్సు వచ్చేది, ఇండియాలో జీతం కంటే ఎంతో నయం. ఆ పోస్టింగు కోసం యూనిట్లలో పోటీ ఉండేది, నేనూ పోటీ పడ్డాను. మా ఇంటి పై అంతస్తు స్లాబు ఆ డబ్బుతోనే వేశాం.